ఇద్దరికే టికెట్లు

తాబేళ్ల దీవిలో డయాలిసిస్ మిషన్ లేదు.

ఆ మాట ఫోనులో వినగానే ఆమెకు ముందుగా కలిగింది నిరాశ కాదు, ఊరట. తనకు ఊరట కలిగిందన్న సంగతి ఆ మరుక్షణమే తెలిసి, ఎవరైనా కనిపెట్టారేమోనన్నట్టు చుట్టూ చూసింది. షాపులో కనిపెట్టేవాళ్లెవరు? పక్క కుట్టుమిషన్ దగ్గర ఓనరు ఎవరిదో కోటు చేతులు కురచ చేస్తున్నాడు, పెదాల మధ్య గుండుసూదులు బిగించుకుని. ఆమె ఒళ్లో ఒక ప్యాంటు, సగం ఊడదీసిన జిప్పుతో నోరు తెరుచుకుని పడి ఉంది.

"అమ్మా, లైన్లో ఉన్నారా?" అంది ట్రావెల్ ఆఫీసు అమ్మాయి.

"ఉన్నానమ్మా. లేదంటే లేదు, ఏం చేస్తాం. మావారికి చెబుతాలే."

"అయ్యో, అప్పుడే వదిలేస్తారా! దీపస్తంభం దీవి చూద్దాం. దానికి ఆస్పత్రి ఉంది. కాకపోతే ఆస్పత్రి పక్కనున్న పెద్ద దీవిలో ఉందండీ. మీరుండే చోటి నుంచి పడవలో వెళ్లి రావాలి."

"పడవలోకి మెట్లుంటాయా, దూకాలా?"

"దూకడమంటే... వాళ్లు చెయ్యి పట్టుకుని దింపుతారు."

"ఏ చెయ్యి?"

"ఏది అందితే అదేనండీ."

"ఎడమచెయ్యి పట్టుకుని లాగకూడదమ్మా. సూదులు గుచ్చేది ఆ చేతికే. అది పోతే మళ్లీ ఆపరేషను. సరే, సముద్రం బాగోలేక ఒకరోజు పడవ నడవలేదనుకో, అప్పుడెలా? ఈయనకి ఒక్కరోజు తప్పినా ఒంట్లోకి నీరు చేరిపోతుంది, పడుకుంటే ఊపిరాడదు."

"కనుక్కుని చెబుతానండీ," అంది అమ్మాయి. ఈసారి గొంతులో హుషారు తగ్గింది.

ఫోను మిషన్ సొరుగులో పడేసి ఆమె మళ్లీ జిప్పు మీదికి వంగింది. కుట్టు ఒక్కొక్కటే కోసుకుంటూ పోవాలి. తొందరపడి లాగితే గుడ్డ చిరుగుతుంది. కళ్ల ముందు దారాలు రెండుగా కనిపించాయి. కళ్లు నలుపుకుంది.

ఓనరు సూదులు తీసి డబ్బాలో వేశాడు. "మళ్లీ దీవేనా?"

"దీవే. రోజుకొకటి పుట్టుకొస్తోంది, ఎక్కడి నుంచి వస్తున్నాయో."

"మా రోజుల్లో సెలవులంటే అత్తయ్య ఇంటికి వెళ్లేవాళ్లం. ఆవిడ పొమ్మనేదాకా ఉండి వచ్చేవాళ్లం," అన్నాడు ఓనరు. "దేశం చుట్టూ ఇన్ని నీళ్లున్నాయని అప్పట్లో మాకు తెలీదు."

ఆమె నవ్వింది గాని ఆ నవ్వు ముఖం మీద నిలవలేదు.

ఈ దీవుల గోల తెచ్చిపెట్టింది మరిది. పోయిన ఆదివారం వచ్చి, అన్న భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను సముద్రం మధ్యలోకి తీసుకెళతానన్నయ్యా, ఖర్చంతా నాదే, ఎక్కడికో నువ్వే చెప్పు," అన్నాడు. ఆయన ముఖం వెలిగింది. జబ్బు పడి బస్సు తోలడం మానేశాక ఆయన దేనికైనా అలా వెలగడం ఆమె చూడలేదు. అందుకే ఆరోజు ఆమె కాదనలేకపోయింది. ఎక్కడ మిషన్ ఉందో కనుక్కునే పని ఎవరిదన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. అది ఆమె ఒళ్లో తనంతట తానే వచ్చి పడింది, ప్యాంట్లూ జిప్పులూ వచ్చి పడ్డట్టే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఫోనులో సముద్రం చూసుకుంటున్నాడు.

"తాబేళ్లు పోయాయి," అంది ఆమె చెప్పులు విప్పుతూ.

"పోతే పోనీ. తాబేళ్లతో మనకేం పని?" ఫోను ఆమె ముఖం ముందుకు తెచ్చాడు. "ఇది చూడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున చేపల నీడలు కనపడుతున్నాయి. ఇంకోటుంది, దాంట్లో కొండ ఉంది. కొండా సముద్రమూ రెండూ ఒకేచోట! నీకు ఏది కావాలి?"

"మీకు ఏది నచ్చితే అదే."

"అలా అంటే ఎలా? నువ్వు కూడా వస్తున్నావుగా."

ఆమె వంటింట్లోకి నడిచింది. కూరగాయల్లో ఆయన ఒంటికి పడని ఉప్పు ఏదో ఉంటుందని డాక్టరు చెప్పాడు. ముక్కలు సన్నగా కోసి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మళ్లీ ఉడికించాలి. కూర రుచి కూడా ఆ నీళ్లతోనే కొట్టుకుపోతుంది. ఆయన తాగాల్సిన నీళ్లు ఒక సీసాలో కొలిచి పోసి గట్టు మీద పెట్టింది, రోజంతటికీ అవే. ఆ సీసా ఆయన ముందు ఉంచితే మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. అందుకని దాన్ని దాచి, అడిగినప్పుడల్లా గుక్కెడు పోసివ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ ఆయన గ్లాసులోకి చూసి, తర్వాత ఆమె ముఖంలోకి చూస్తాడు. ఆ రెండో చూపు ఆమెకు అలవాటు కాలేదు.

చీకటి పడకముందే మరిదీ తోడికోడలూ వచ్చారు. మరిదికి ఏసీలు బాగుచేసే షాపు ఉంది. పొద్దంతా మిషన్ల హోరులో మాట్లాడీ మాట్లాడీ అతని గొంతు ఇంట్లో కూడా తగ్గదు.

"వదినా, ఇక వెతుకులాట బంద్! కొబ్బరిచెట్ల దీవి ఖాయం చేసేద్దాం. దిగీ దిగగానే చేతికి కొబ్బరిబోండాం ఇస్తారట!"

"మీ అన్నయ్య కొబ్బరినీళ్లు తాగకూడదు."

"ఒక్కటి?"

"ఒక్కటి కూడా. గుండెకి ప్రమాదం."

ఆయనే అందుకున్నాడు. "చూస్తానురా. చూడ్డానికి డాక్టరు ఒప్పుకుంటాడులే."

అందరూ నవ్వారు. మరిది కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అందుకేగా వంటగది ఉన్న గది తీసుకుందామంటున్నాను. వదిన ఉంటే తిండికి బెంగే లేదు. మందులు వదినకి కంఠతా వచ్చు. ఆస్పత్రి రోజుల్లో వదిన పక్కనే ఉంటుంది. ఇక మనకేంటి అన్నయ్యా, హాయిగా తిరగడమే!" ఆమె వైపు తిరిగి ప్రేమగా అన్నాడు: "నీకూ కాస్త రెస్టు దొరుకుతుంది వదినా. ఎంత చిక్కిపోయావో చూసుకున్నావా?"

"ఎప్పుడు దొరుకుతుంది?" అంది తోడికోడలు.

"ఏంటి?"

"అదే, రెస్టు. మీరిందాక చెప్పినవాటిలో అక్కయ్యకి అది ఎప్పుడు దొరుకుతుందా అని."

"అబ్బ, ఎదురుగా సముద్రం ఉంటుంది కదే!" అన్నాడు మరిది. ఆ జవాబు తనకే బాగా నచ్చినట్టుంది, పడీ పడీ నవ్వాడు.

ఆమె కప్పులు తీసుకుని లేచింది. కుళాయి కింద కప్పులు కడుగుతుంటే ఆ దీవి ఆమెకు చాలా స్పష్టంగా కనిపించింది. కిటికీ నిండా నీలం రంగు నీళ్లు. కిటికీకి ఇవతల ఇదే గిన్నె, ఇదే సీసా, ఇవే ఉడికిన ముక్కలు. ముక్కలు వార్చిన నీళ్లు పారబోయడానికి చోటు వెతుక్కుంటూ తను.

మర్నాడు డయాలిసిస్ రోజు. ఒక పొడుగాటి గదిలో మంచాలు వరసగా ఉంటాయి. ప్రతి మంచం పక్కనా మిషన్, అందులో మెల్లగా తిరిగే చక్రం, చక్రం వెంట పాకే ఎర్రటి గొట్టం. సూదులు గుచ్చడం అయ్యాక ఆమె ఆయన కాళ్ల మీద దుప్పటి కప్పి, ఎడమచేతి కింద తువ్వాలు మడిచి పెట్టింది. ఇదివరకు ఆయన కళ్లు మూసుకుని పడుకునేవాడు. ఈమధ్య మాత్రం కుడిచేత్తో ఫోను ఎత్తి అందరికీ దీవులు చూపిస్తున్నాడు.

"ఈ కొండ ఎవరెక్కుతారయ్యా?" అన్నాడు పక్క మంచం మాస్టారు. "బాత్రూముకి వెళ్లొస్తేనే నాకు ఆయాసం. బల్లపరుపుగా ఉన్నది చూడు."

"కొండ ఎక్కక్కర్లేదండీ, కింద నుంచి చూడొచ్చు."

"కింద నుంచి చూడ్డానికి అంత దూరం దేనికి?"

ఎదురు మంచం మీది బేకరీ ఆవిడ మెడ సాచి చూసి, ఇసుక తెల్లగా ఉన్నదే బాగుందంది. ఇసుక కాళ్లకు అంటుకుంటుంది, పుండైతే మానదు, చెప్పులు విప్పొద్దని మాస్టారు హెచ్చరించాడు. ఎక్కడికీ కదలలేని మనుషులు ఒక్కో దీవినీ పట్టి పట్టి చూసి, కాదని, మరోదాన్ని అడిగారు. మిషన్లు మధ్యమధ్యలో కుయ్ మంటుంటే టెక్నీషియన్ వచ్చి మీట నొక్కి వెళుతోంది. చిన్నపిల్ల, మాట చురుకు.

"తెల్ల ఇసుక దీవా?" అంది ఆ పిల్ల ఆగి. "అక్కడి సెంటర్లో నాతో చదువుకున్నమ్మాయి పనిచేస్తోందే! ఉండండి డ్రైవరుగారూ, ఇప్పుడే అడుగుతా."

గది మొత్తం ఆ అమ్మాయి వైపు చూసింది. ఆ పిల్ల గోడ దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతూ, తలూపుతూ, నవ్వుతూ, బొటనవేలు పైకెత్తి చూపించింది. వచ్చే వారం రెండు రోజులు మంచం ఖాళీ ఉంది. సెంటరు దీవిలోనే ఉంది. పడవ అక్కర్లేదు. విమానం నేరుగా అక్కడే దిగుతుంది. ఇక్కడి రిపోర్టులు పంపితే చాలు.

బేకరీ ఆవిడ చప్పట్లు కొట్టబోయి, చేతికి సూదులున్నాయని గుర్తొచ్చి ఆగిపోయింది. మాస్టారు, "సాధించావయ్యా!" అన్నాడు. ఆయన తన ఫోను దించి ఆమె వైపు చూశాడు. కళ్లలో నీళ్లు.

టెక్నీషియన్ ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "బరువు రోజూ చూడాలమ్మా. ఎండ కదా, దాహం ఎక్కువేస్తుంది, నీళ్లు ఇంకా కట్టడి చేయాలి. బీపీ పొద్దునా సాయంత్రం. ఎడమచెయ్యి మీద అరచెయ్యి వేసి నెత్తురు పారే ఆ గుర్రుమనే అదురు ఉందో లేదో చూస్తుండండి. కొత్త చోటు, కొత్త సూదులు, రక్తం ఆగకపోతే గట్టిగా అదిమి పట్టాలి. ఇంకెవరికైనా అయితే పంపడానికి భయపడేదాన్ని. మీరు వెంట ఉంటారుగా, నాకు ఏ దిగులూ లేదు."

"ఊ," అంది ఆమె.

ఫోను మోగింది. ట్రావెల్ ఆఫీసు. ఆమె వరండాలోకి వచ్చింది. ఆయన నుంచి విని మరిది అప్పుడే కబురు పెట్టేశాడట. అమ్మాయి గొంతులో హుషారు మళ్లీ వచ్చింది. "చివరికి దొరికిందంటగా అమ్మా! సీట్లు ఇప్పుడే పట్టేస్తాను. పేర్లు చెప్పండి."

ఆమె భర్త పేరు చెప్పింది. మరిది పేరు చెప్పింది.

"ఊ, ఇంకా?"

వరండా చివర ఒక ఇనుప బల్ల ఉంది. పేషెంట్ల తాలూకు మనుషులు కూర్చునే బల్ల. ఎవరో ఆవిడ చేతిసంచీ తలకింద పెట్టుకుని దాని మీద ముడుచుకుని నిద్రపోతోంది, నోరు కొద్దిగా తెరుచుకుని. లోపల ఎవరి మిషనో కుయ్ మంది. ఆవిడ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. తన మనిషిది కాదని తెలిసి మళ్లీ పడుకుంది.

"అమ్మా? ఎంతమంది?"

"ఇద్దరు," అంది ఆమె.

"ముగ్గురన్నారు మీ మరిదిగారు."

"ఇద్దరేనమ్మా. నేను వెళ్లట్లేదు."

ఫోను పెట్టేశాక ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ మాట అంటానని తనకే ముందు తెలియదు. నోట్లోంచి వచ్చేశాక వెనక్కి తీసుకోవడానికి మనసులో వెతికింది. వెనక్కి తీసుకోవాలని ఎక్కడా అనిపించలేదు. లోపలికి వెళ్లి దుప్పటి సరిచేసింది.

ఇంటికొచ్చి, ఆయన కాస్త పడుకుని లేచాక చెప్పింది. డయాలిసిస్ రోజున ఆయన ముఖం వాడిపోయి ఉంటుంది. అలాంటప్పుడు చెప్పకూడదని తెలుసు. కాని రేపటికి తనలో ఆ ధైర్యం మిగలదని కూడా తెలుసు.

"షాపులో సెలవివ్వనన్నాడా?" అన్నాడాయన.

అది మంచి సాకు. ఆయనే అందించాడు కూడా. "లేదు, ఆయనేమీ అనలేదు. నాకే రావాలని లేదు."

"సముద్రం ఇష్టం లేదా?"

"నాకు ఇంట్లో ఉండాలని ఉంది. ఒక్కదాన్నీ."

ఆయన ఎడమచేతి మీది ప్లాస్టరు అంచు గోటితో గీకుతున్నాడు. మామూలుగా అయితే వద్దని చెయ్యి పట్టుకునేది. ఇప్పుడు ఊరుకుంది.

"నేనంటే విసుగొచ్చిందా?"

అలాంటిదేమీ లేదని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఆ మాట చెప్పడం కూడా ఒక పనిలా తోచింది. గిన్నెలు తోమడం, ముక్కలు కోయడం, ఆయన బాధపడకుండా చూడటం.

"మీ జబ్బంటే విసుగొచ్చింది," అంది. ఆగి, "మీరంటే కూడా కొంచెం," అంది.

ఆయన తలూపాడు, ఎవరో అడ్రసు చెబితే అర్థమైనట్టు. లేచి, గోడ పట్టుకుని మెల్లగా వెళ్లి పడుకున్నాడు. ఆ రాత్రి నీళ్లు అడగలేదు. మర్నాడు కూడా, ఆమె తనంతట తాను పోసిస్తే తాగాడు తప్ప, గ్లాసులోకీ చూడలేదు, ముఖంలోకీ చూడలేదు. ఫోను తలకిందులుగా బల్ల మీద పడి ఉంది.

షాపులో ఉండగా మరిది ఫోన్ చేశాడు. "ఏంటి వదినా ఇది? అన్నయ్య ప్రయాణం మానేద్దాం అంటున్నాడు. నువ్వు లేకుండా నేనెలా తీసుకెళతాను? నాకేం తెలుసు ఆ మందులూ అవీ?"

"నాకు మాత్రం పుట్టుకతో తెలుసా?"

"అది కాదు వదినా, నువ్వంటే ఆడదానివి, అలవాటు..." అటునుంచి తోడికోడలి గొంతు ఏదో అన్నట్టు వినిపించింది.

"మానేస్తే మానేయండి," అంది ఆమె. "వెళితే వెళ్లండి. నేను మాత్రం రాను."

ఓనరు మిషన్ ఆపి ఆమెకేసి చూశాడు. ఆమె ముందున్న కుప్పలోంచి ఒక చొక్కా తీసి తన వైపు పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి తట్టబోతే తలుపు తెరిచే ఉంది. వంటింట్లోంచి మరిది గొంతు. "ఇంకా సన్నగానా? ఇంతకన్నా సన్నగా కోస్తే నా వేలు కూడా కూరలో పడుతుంది!"

ఆమె గుమ్మంలో ఆగింది. మరిది గట్టు ముందు నిలబడి బంగాళదుంప కోస్తున్నాడు, స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు కత్తి పట్టుకుని. తోడికోడలు పొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, సాయం చేసే ఉద్దేశం ఏమాత్రం లేనట్టు. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో మందుల డబ్బా. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి ఒక్కో మాత్రల అట్టా వెనక్కి తిప్పి చూస్తున్నాడు.

"ఇది అన్నంతో నమిలేది. అవునా?" అన్నాడు ఆమెను చూసి. మాట్లాడటం మానిన తర్వాత ఆయన అన్న మొదటి మాట అదే.

"అవును. మొదటి ముద్దతో."

"ఈ తెల్లది?"

"అది బీపీది. డయాలిసిస్ రోజు పొద్దున వేసుకోకూడదు."

"నాకిన్నాళ్లూ తెలీదు చూడు. నువ్వు చేతిలో పెడితే మింగేవాణ్ణి," అన్నాడు. తర్వాత తమ్ముడితో, "నీళ్లు పారబోశావా?" అన్నాడు.

"పారబోశానన్నయ్యా! రెండోసారి కూడా పారబోస్తా. ఇక ఆ దుంపలో మిగిలేదేంటో నాకర్థం కావట్లేదు!"

వాళ్లు వెళ్లిపోయాక, మరిది వండిన ఆ కూరే ఇద్దరూ తిన్నారు. అట్టముక్కలా ఉంది. ఆయన చివరి ముద్ద దాకా తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"దూరం సర్వీసుకి ఇద్దరు డ్రైవర్లం ఉండేవాళ్లం, గుర్తుందా? సగం దారిలో మారేవాళ్లం. వాడు తోలుతుంటే నేను వెనక సీట్లో పడేవాణ్ణి. బస్సు ఎంత కుదిపినా సరే, చచ్చినట్టు నిద్రపోయేవాణ్ణి."

"ఊ."

"ఒకసారి రెండోవాడు రాలేదు. మొత్తం దారి నేనే తోలాను. తెల్లవారే సమయానికి రోడ్డు మీద లేని మనుషులు కనబడ్డం మొదలుపెట్టారు. ఎవరో ముసలాయన అడ్డంగా నడుస్తున్నట్టు, బ్రేకు వేస్తే ఎవరూ లేనట్టు. వెనక బస్సు నిండా జనం నిద్రపోతున్నారు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెబితే మళ్లీ డ్యూటీకి పంపించేదానివా?" ఆయన ముందుకు వంగాడు. "నీకూ కనపడుతున్నారా?"

"ఎవరు?"

"లేని మనుషులు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. తుడుచుకున్నకొద్దీ నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఆయన లేచి దగ్గరికి రాలేదు. కూర్చున్నచోటే కూర్చుని, అది పూర్తయ్యేదాకా ఆగాడు.

"వెళ్లొస్తానులే," అన్నాడు చివరికి. "వాడితో పడలేక మధ్యలోనే తిరిగొచ్చేస్తానేమో గాని, వెళ్లొస్తాను. కాని ఆరోజు 'కొంచెం' అన్నావు చూడు. ఆ మాట మాత్రం బాధగానే ఉంది."

"ఉంటుంది," అంది ఆమె.

ప్రయాణం రోజు పొద్దున టాక్సీ వచ్చేసరికి మరిది మెడలో బీపీ మిషన్ సంచీ, ఒక చేతిలో బరువు తూచే బల్ల, ఇంకో చేతిలో మందులు. దీవికి వెళుతున్నాడో ఆస్పత్రి పెట్టడానికి వెళుతున్నాడో తెలియకుండా ఉన్నాడు. ఆయన వెనక సీట్లో కూర్చుని కిటికీ దించాడు. ఆమె ఆయన ఎడమచేతి మీద అరచెయ్యి వేసి చూసింది. చర్మం కింద నెత్తురు గుర్రుమంటూ అదురుతోంది. ఆ క్షణంలో తలుపు తీసి ఎక్కి కూర్చోవాలనిపించింది. చెయ్యి తీసేసింది. టాక్సీ కదిలింది.

ఇంట్లోకి వచ్చి మంచం మీద పడుకుంది. నిద్ర రాలేదు. లేచి కూర్చుంది. గదులు ఊడ్చింది. కిటికీ పరదాలు ఉతికి ఆరేసింది. వండుకోవడానికి కూరగాయలు కోసి, నానబెట్టాలా వద్దా అని ఒక నిమిషం తేల్చుకోలేక నిలబడింది. సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు, చేరామని.

"మందులు వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"బరువు చూశారా? నీళ్లు ఎక్కువ తాగలేదు కదా?"

"చూశాను. తాగలేదు. ఇంకేదైనా అడుగు."

ఆమెకు ఇంకేమీ తట్టలేదు. ఫోనులో గాలి హోరు వినిపించింది. ఇద్దరూ కాసేపు ఆ హోరు విన్నారు. "సరే, ఉంటాను మరి," అన్నాడాయన. ఫోను పెట్టేశాక ఆమెకు భయమేసింది. మాత్రలూ నీళ్లూ బరువూ పక్కన పెడితే ఆ మనిషితో మాట్లాడటానికి తన దగ్గర ఒక్క మాట కూడా లేదు. ఎప్పుడు అయిపోయాయో కూడా తెలియలేదు. ఆ రాత్రి కూడా సరిగా నిద్ర పట్టలేదు. అటు దొర్లి, ఇటు దొర్లి, లోపలి గదిలో దగ్గు వినిపిస్తుందేమోనని చెవి రిక్కించి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం షాపు నుంచి తొందరగా వచ్చేసింది. ఆరోజు అక్కడ డయాలిసిస్. ఏ పని మొదలుపెట్టినా చెయ్యి సాగక, ఫోను పక్కలో పెట్టుకుని మంచం మీద ఒరిగింది. ఎండ వాలుతుండగా ఫోను మోగింది. స్పీకరు నొక్కి దిండు మీద పెట్టుకుంది.

"అయిపోయింది," అన్నాడాయన. గొంతు నీరసంగా ఉన్నా లోపల ఏదో ఉత్సాహం ఉంది. "అన్నీ బాగానే ఉన్నాయి, నువ్వడిగేలోపు నేనే చెప్పేస్తున్నాను. ఇక విను. ఇక్కడి టెక్నీషియన్ పిల్లకి మొదటి సూది గురి తప్పింది. నేను కేక పెడితే మనవాడు మంచం కింద పడ్డాడు."

"ఎవరు?"

"నీ మరిది! నెత్తురు చూసి కళ్లు తిరిగాయి. నర్సులు నన్నొదిలేసి వాడి చుట్టూ చేరారు. పక్క మంచం మీద పడుకోబెట్టి వాడికి కొబ్బరినీళ్లు తాగించారు. నా కళ్ల ముందే!"

ఆమె నవ్వింది. ఈసారి నవ్వు ఆగలేదు. ఆయన చెప్పుకుంటూ పోయాడు. మిషన్ పక్క కిటికీలోంచి సముద్రం కనపడిందట. ఫొటోల్లోలా నీలంగా లేదట, వాన ముందు వచ్చే మబ్బు రంగులో ఉందట. ఒక ముసలాయన అంతసేపూ వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడట, చివరికి ఆ వల వెయ్యకుండానే మడిచిపెట్టి వెళ్లిపోయాడట. ఎందుకు వెళ్లిపోయాడా అని ఆయనకూ మాస్టారులాంటి ఇంకో పేషెంటుకూ పెద్ద వాదన జరిగిందట. ఆమె "ఊ" అంది. కొద్దిసేపటికి మళ్లీ "ఊ" అంది. ఆయన గొంతు దగ్గరగానే ఉంది, కాని మాటలు విడివిడిగా వినపడటం మానేసి, దూరంగా పోతున్న బస్సు చప్పుడులా ఒకటే హోరుగా సాగింది.

మెలకువ వచ్చేసరికి గదిలో వెలుగు పోయింది. ఎక్కడున్నానో తెలియడానికి కొంతసేపు పట్టింది. ఒళ్లు బరువుగా, వెచ్చగా, ఎవరో పరుపులోకి ఒత్తి పెట్టినట్టు ఉంది. దిండు మీది ఫోను ఇంకా మాట్లాడుతోంది. తనతో కాదు. మరిది గొంతు ఏదో గట్టిగా అడుగుతోంది, తిండి గురించో, తలుపు తాళం గురించో. వెంటనే ఆయన గొంతు, చాలా చిన్నగా, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు వినిపించింది.

"మెల్లిగా మాట్లాడరా. మీ వదిన నిద్రపోతోంది."

ఆమె కదలలేదు. అటు కూడా నిశ్శబ్దమైంది. అడుగుల చప్పుడు దూరమైంది. తలుపేదో జాగ్రత్తగా మూసుకుంది. ఆయన అక్కడే ఉన్నాడని ఊపిరి చప్పుడును బట్టి తెలుస్తోంది. లేచానని చెప్పాలనుకుంది. చెప్పకుండా కళ్లు మూసుకుంది.